ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను చప్పుడు చేస్తుంటే: కారణాలు, జాగ్రత్తలు, చేయదగిన పనులు



ఇంట్లో కంప్యూటరు ఉన్నవాళ్లు బడికి వచ్చినప్పుడు తరచుగా అడిగే మాట ఒకటుంది. "సార్, సీపీయూ వెనకనుంచి ఒకటే గుర్రుమని చప్పుడు. పిల్లోడికి చదువు మీద మనసు నిలవడం లేదు. బాగు చేయించాలా, కొత్తది కొనాలా?" అని. మన పిల్లల ఇళ్లలో ఉన్నవాటిలో చాలావరకు బెంగళూరు ఆఫీసుల్లో వాడేసి, ఆ తర్వాత సెకండ్‌హ్యాండుగా హోసూరు వైపుకు వచ్చిన డెస్క్‌టాపులే. వాటికి వయసైంది కాబట్టి చప్పుడు రావడం వింతేమీ కాదు.

అయితే ఈ చిన్న చప్పుడులో రెండు పెద్ద సంగతులున్నాయి. ఒకటి డబ్బు. దుమ్ము దులిపితే పోయే చప్పుడుకు మొత్తం కంప్యూటరే మార్చేవాళ్లున్నారు. నిజంగా పాడైన ఫ్యానును పట్టించుకోక, ఎస్‌ఎంపీఎస్‌తో పాటు మదర్‌బోర్డునూ పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. రెండోది అంతకన్నా ముఖ్యం, పిల్లల ప్రాణం. వీడియోలు చూసి ఆ ఇనుప డబ్బా విప్పాలని మన పిల్లలకు మహా ఉబలాటం. అది ఇంట్లో విప్పదగిన డబ్బా కాదు. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను. చదివి దాచుకోండి.

ఎస్‌ఎంపీఎస్ అంటే ఏమిటి? దానికి ఫ్యాను ఎందుకు?

కరెంటు తీగ వచ్చి క్యాబినెట్ వెనక గుచ్చుకునే చోట లోపల ఉండే ఇనుప డబ్బానే ఎస్‌ఎంపీఎస్ అంటాం. పూర్తిపేరు స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై. గోడలో వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును కంప్యూటరుకు కావలసిన 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చడం దాని పని.

ఈ మార్పిడిలో కొంత కరెంటు వేడిగా పోతుంది. ఆ వేడిని బయటికి తోలడానికే ఫ్యాను. పాత రకాల్లో డబ్బా వెనక వైపు 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను ఉంటుంది. కొత్త రకాల్లో డబ్బా కింద గానీ పైన గానీ 120 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాను ఉంటుంది. చిన్న ఫ్యాను అంతే గాలి తోలాలంటే ఎక్కువ వేగంగా తిరగాలి, అందుకే దాని చప్పుడు ఎక్కువ. పెద్దది నిదానంగా తిరిగినా సరిపోతుంది.

చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో వేడి పెరిగే కొద్దీ ఫ్యాను వేగం దానంతట అదే పెరుగుతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో చప్పుడు ఎక్కువగా వినబడితే అది పాడైనట్టు కాదు, కష్టపడుతున్నట్టు. ఇంకో మాట. కంప్యూటరు సెట్టింగుల్లోకి వెళ్లి ఈ ఫ్యాను వేగం తగ్గించవచ్చని కొందరు చెబుతారు. మామూలు ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తీగ మదర్‌బోర్డుకు వెళ్లదు, డబ్బా లోపలే ఉంటుంది. కాబట్టి సెట్టింగులు మార్చి లాభం లేదు.

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక

డబ్బా లోపలికి వచ్చిన 230 వోల్టుల ఏసీని మొదట డీసీగా మారుస్తారు. అప్పుడది సుమారు 325 వోల్టులు అవుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి లోపల లావుపాటి కెపాసిటర్లు ఉంటాయి. స్విచ్ ఆపేసి, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా వాటిలో కరెంటు నిలవ ఉండవచ్చు. దాన్ని ఖాళీ చేసే చిన్న రెసిస్టరు సాధారణంగా ఉంటుంది గానీ, అది పాడైతే బయటికి తెలియదు. "ప్లగ్గు పీకేశాం కదా, ఏం కాదులే" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

కాబట్టి నియమం ఇది: క్యాబినెట్ పక్క రేకు తీయవచ్చు, అదీ పెద్దవాళ్లు దగ్గరుండి, ప్లగ్గు పీకిన తర్వాత. ఎస్‌ఎంపీఎస్ డబ్బా స్క్రూలు మాత్రం పిల్లలు గానీ, పని తెలియని పెద్దలు గానీ విప్పకూడదు. ఆ డబ్బా మీద ఉన్న స్టిక్కరు చింపితే వారంటీ కూడా పోతుంది.

చప్పుడు నిజంగా అక్కడి నుంచేనా?

కంప్యూటరులో చప్పుడు చేసేవి నాలుగైదు ఉంటాయి: ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను, ప్రాసెసరు మీది ఫ్యాను, క్యాబినెట్ ఫ్యాను, హార్డ్ డిస్కు, కొన్నిటిలో గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను. పక్కన యూపీఎస్ ఉంటే కొన్ని రకాల్లో దానికీ ఫ్యాను ఉంటుంది. ఒకటనుకుని ఇంకొకటి మార్చేస్తే డబ్బు దండగ. ఇలా కనిపెట్టండి:

1. గదిలో సీలింగు ఫ్యాను, టీవీ ఆపేయండి. కంప్యూటరు ఒక్కటే నడవాలి.

2. ఒక లావుపాటి కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొనను క్యాబినెట్‌కు ఓ జానెడు దూరంలో అటూ ఇటూ తిప్పి వినండి. ఎక్కడ చప్పుడు పెరిగితే అక్కడే మూలం. గొట్టాన్ని ఫ్యాను లోపలికి దూర్చకండి. జడ, చున్నీ, చొక్కా అంచు దగ్గరికి రానివ్వకండి.

3. క్యాబినెట్ పక్క రేకును అరచేత్తో మెల్లగా నొక్కండి. నొక్కగానే చప్పుడు ఆగితే అది ఫ్యాను జబ్బు కాదు, రేకు అదురుతోంది.

4. టకటకమని ఆగి ఆగి వస్తూ, ఫైళ్లు తెరిచేటప్పుడు పెరిగితే అది హార్డ్ డిస్కు. ఇది వినబడితే మిగతా పనులు ఆపి, ముందు పిల్లల ప్రాజెక్టులు, ఫొటోలు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి.

5. దోమ పాడినట్టు సన్నని కీచుమనే శబ్దం వస్తూ, ఫ్యాను మాత్రం సాఫీగా తిరుగుతుంటే, అది లోపలి కాయిల్ చేసే శబ్దం. అది చెవికి చిరాకే గానీ సాధారణంగా ప్రమాదం కాదు.

చప్పుడు రకాన్ని బట్టి కారణం

హోరుగాలి లాంటి శబ్దం: ఫ్యాను బాగానే ఉంది, కానీ వేగంగా తిరుగుతోంది. లోపల దుమ్ము పేరుకుని ఉంటుంది, లేదా గాలి వెళ్లే దారి మూసుకుపోయి ఉంటుంది. సరిచేయడానికి అన్నిటికన్నా సులువైనది ఇదే.

తెల్లారి ఆన్ చేయగానే గరగరమని, పది నిమిషాలకు తగ్గిపోవడం: ఫ్యాను ఇరుసు దగ్గర నూనె ఎండిపోతోంది. తక్కువ ధర ఫ్యాన్లలో ఇరుసు చుట్టూ నూనె పీల్చిన బుష్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ నూనె ఆరిపోతుంది. మిషను కాస్త వేడెక్కాక మిగిలిన నూనె పలచబడి చప్పుడు తగ్గుతుంది. తగ్గింది కదా అని నిర్లక్ష్యం చేయకండి, కొన్నాళ్లకు పూర్తిగా బిగుసుకుపోతుంది.

ఎప్పుడూ ఆగకుండా గరగరమనడం: బేరింగు అరిగిపోయింది. దుమ్ము దులిపితే పోదు. ఫ్యాను మార్చాల్సిందే.

టిక్ టిక్ మని లయగా తగలడం: రెక్కకు ఏదో తగులుతోంది. లోపలి తీగ కావచ్చు, జాలీ లోపలికి వంగి ఉండవచ్చు, సాలెగూడు, బొద్దింక రెక్క కూడా కావచ్చు.

గుమ్మని గదంతా మోగడం: స్క్రూలు వదులయ్యాయి, లేదా క్యాబినెట్ కింది రబ్బరు కాళ్లు ఊడిపోయి బల్లతో కలిసి అదురుతోంది.

ఇంట్లో చేయదగిన పనులు

మన కృష్ణగిరి జిల్లాలో గ్రానైటు పనులు జరిగే ఊళ్ల దగ్గర, మట్టిరోడ్ల పక్కన ఉన్న ఇళ్లలో దుమ్ము ఎక్కువ. దానికి వంటింటి తాలింపు పొగ, అగరొత్తుల పొగ తోడైతే అది జిడ్డుగా రెక్కలకు పట్టుకుంటుంది. అలాంటి ఇళ్లలో మూడు నెలలకోసారి, మిగతా ఇళ్లలో ఆరు నెలలకోసారి ఈ పని పెట్టుకోండి.

1. కంప్యూటరు షట్‌డౌన్ చేసి, స్విచ్ ఆపి, ప్లగ్గు గోడలోంచి పీకేయండి. యూపీఎస్ ఉంటే దాని నుంచి కూడా తీసేయండి. చాలా యూపీఎస్‌లలో గోడ స్విచ్ ఆపినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది.

2. క్యాబినెట్‌ను వరండాలోకి గానీ మేడ మీదికి గానీ తీసుకెళ్లండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లను, పసిపిల్లలను దూరంగా ఉంచండి.

3. వెనక జాలీ మీది దుమ్మును పొడి పెయింటు బ్రష్షుతో మెల్లగా దులపండి. గుడ్డ తడపకండి.

4. చిన్న ఎలక్ట్రిక్ బ్లోయరు దొరికితే దానితో ఊదండి. ఊదేముందు ఒక పొడి చీపురుపుల్లను జాలీలోంచి ఫ్యాను రెక్క వరకే పెట్టి రెక్క తిరగకుండా ఆపండి. అంతకన్నా లోపలికి దూర్చకండి. గాలికి ఫ్యాను మితిమీరిన వేగంతో తిరిగితే బేరింగు అప్పుడే చెడిపోవచ్చు. ఒక్కసారే కాకుండా రెండేసి సెకన్లు ఆగి ఆగి ఊదండి.

5. ఊదడం అయ్యాక పుల్ల తీశారో లేదో చూసుకోండి. పుల్ల విరిగి లోపల పడితే ఆన్ చేయకుండా మెకానిక్కుకు చూపించండి.

6. వెనకవైపు ఎస్‌ఎంపీఎస్‌ను క్యాబినెట్‌కు పట్టి ఉంచే స్క్రూలు సాధారణంగా నాలుగు ఉంటాయి. ఇవి డబ్బా మూలల దగ్గర క్యాబినెట్ రేకులోంచి బిగించి ఉంటాయి. వదులైతే స్క్రూడ్రైవరుతో బిగించండి. ఫ్యాను చుట్టూ దగ్గరగా ఉండే స్క్రూలను విప్పకండి.

7. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. దులిపేటప్పుడు అది జరగకుండా చూసుకోండి. మన దేశంలో ఎప్పుడూ 230 మీదే ఉండాలి. 115 మీదికి జరిగి ఆన్ చేస్తే ఎస్‌ఎంపీఎస్ టప్పుమని పోతుంది.

8. మళ్లీ పెట్టేటప్పుడు గోడకు కనీసం జానెడు దూరం వదలండి. నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టండి. కంప్యూటరు బల్లలో సీపీయూ కోసం తలుపున్న అర ఉంటే, ఆ తలుపు తెరిచే ఉంచండి.

ఇక కవరు సంగతి. మన ఇళ్లలో కంప్యూటరుకు పూలపూల కవరు కుట్టించి తొడుగుతాం. మంచిదే, కానీ వాడేటప్పుడు పూర్తిగా తీసేయండి. ముందు భాగం మాత్రం పైకెత్తి, వెనక కవరు అలాగే ఉంచి నడిపేవాళ్లను చూస్తుంటాను. బయటికి పోవాల్సిన వేడిగాలి తిరిగి లోపలికే వెళుతుంది. కవరు తీయగానే చప్పుడు సగం తగ్గిన ఇళ్లున్నాయి.

చేయకూడని పనులు

తిరుగుతున్న ఫ్యానును వేలితో, పెన్సిలుతో, స్క్రూడ్రైవరుతో ఆపి చూడవద్దు. జాలీ సందుల్లోంచి పిన్నులు, తీగలు అసలే దూర్చవద్దు. లోపల 325 వోల్టులు ఉన్నాయని మరిచిపోకండి.

పంక్చరు షాపు కంప్రెసరుతో గాలి కొట్టించవద్దు. ఆ ఒత్తిడి చాలా ఎక్కువ, పైగా ఆ ట్యాంకులో చేరిన నీటి తుంపర గాలితో పాటు లోపలికి వెళుతుంది.

జాలీలోంచి కొబ్బరినూనె వేయవద్దు. 24 డిగ్రీల కన్నా చలి ఎక్కువైతే అది గడ్డకడుతుంది. మన వైపు మార్గశిరం, పుష్యమాసాల్లో సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం మీరు చూసేదే కదా. వేడికి కరిగినా దుమ్ముతో కలిసి జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలూ ఇందుకు పనికిరావు. కాసేపు చప్పుడు ఆగినట్టే ఆగి, ఉన్న కాస్త నూనెనూ కడిగేస్తాయి.

చప్పుడు భరించలేక ఫ్యాను తీగ కత్తిరించి నడపవద్దు. వేడి పోయే దారి లేక ఎస్‌ఎంపీఎస్ కాలిపోతుంది, పోతూ పోతూ మదర్‌బోర్డునూ తీసుకుపోవచ్చు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు

దుమ్ము దులిపి, స్క్రూలు బిగించి, కవరు తీసినా గరగర ఆగకపోతే ఇక పని తెలిసినవాళ్లకు ఇవ్వాల్సిందే. వెళ్లేముందు రెండు పనులు చేయండి. పిల్లల ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. చప్పుడు ఎలా ఉందో ఫోనులో ఒక నిమిషం రికార్డు చేసుకోండి. అంగడికి తీసుకెళ్లాక ఆ చప్పుడు రాకుండా మొండికేయడం కంప్యూటర్లకు అలవాటే.

మెకానిక్కు మూడు దారులు ఉంటాయి.

నూనె వేయడం: ఫ్యాను విప్పి, మధ్యలోని స్టిక్కరు ఎత్తి, ఒకటి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేస్తారు. ఖర్చు తక్కువ. కొన్ని నెలలు గడుస్తాయి. ఇది బుష్ ఉన్న ఫ్యాన్లకే పనికొస్తుంది, అరిగిపోయిన బేరింగుకు మందు కాదు.

ఫ్యాను ఒక్కటే మార్చడం: ఎస్‌ఎంపీఎస్ మంచి కంపెనీదై, మిగతాదంతా బాగుంటే ఇదే లాభం. కొత్తది పాతదాని సైజుదే కావాలి. పొడవు వెడల్పులతో పాటు మందం కూడా సరిచూడాలి. 12 వోల్టులదై ఉండాలి. గాలి తోలే శక్తి పాతదాని కన్నా తగ్గకూడదు. చప్పుడు అస్సలు లేని ఫ్యాను కావాలని బలహీనమైనది వేయిస్తే చెవులకు హాయిగా ఉంటుంది, ఎస్‌ఎంపీఎస్ మాత్రం లోపల ఉడికిపోతుంది. గాలి దిశ కూడా పాతదానిలాగే ఉండాలి. బిగించాక వెనక చెయ్యి పెట్టి చూడండి, గాలి బయటికి రావాలి. ఎక్కువ రోజులు మన్నాలంటే బాల్ బేరింగు ఉన్నది అడగండి.

మొత్తం ఎస్‌ఎంపీఎస్ మార్చడం: తక్కువ ధరదై, ఐదారేళ్లు దాటినదైతే, ఫ్యానుకు కూలీతో కలిపి పెట్టే ఖర్చుకు కొంచెం కలిపి కొత్తదే కొనడం మేలు. వారంటీ ఉంటే ముందు బిల్లు వెతకండి.

ఇక్కడ సెకండ్‌హ్యాండు ఆఫీసు డెస్క్‌టాపులు ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. పెద్ద కంపెనీల సన్న క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ సైజు వేరు, కొన్నిటిలో మదర్‌బోర్డుకు గుచ్చే పిన్నుల అమరిక కూడా వేరు. అంగట్లో మామూలుగా దొరికేది అందులో పట్టదు. బెంగళూరు ఎస్‌.పి. రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీటుకో వెళ్లేవాళ్లు పాత ఎస్‌ఎంపీఎస్‌ను మెకానిక్కుతో ఊడదీయించి వెంట తీసుకెళ్లండి. కనీసం దాని మీది లేబులు, పిన్నులు ఫొటో తీసుకెళ్లండి. ఉత్త చేతులతో వెళితే మళ్లీ బస్సు చార్జీ దండగ.

వెంటనే ఆపేయాల్సిన గుర్తులు

కింది వాటిలో ఏది కనబడినా పరీక్ష రేపే ఉన్నా సరే, గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేయండి:

- మాడు వాసన, పొగ, చిటపట శబ్దం
- చప్పుడు ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోయి, వెనక గాలి రాకపోవడం
- వెనక రేకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కడం
- కంప్యూటరు దానంతట అదే ఆగిపోయి, కాసేపటికి గానీ ఆన్ కాకపోవడం

రెండో గుర్తును చాలామంది శుభవార్త అనుకుంటారు. "అమ్మయ్య, చప్పుడు పోయింది" అంటారు. ఫ్యాను బిగుసుకుపోయి ఉండవచ్చు. చప్పుడు చేసే ఫ్యాను కన్నా ఆగిపోయిన ఫ్యాను ఎక్కువ ప్రమాదం. కొన్ని కొత్త రకాల్లో వేడి తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాను ఆగి ఉండటం మామూలే గానీ, అది మొదటి నుంచీ అలాగే ఉంటుంది. ఒక్కరోజులో రాదు.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా?

ఇది ఫ్యాను సంగతి కాకపోయినా, శుభ్రం చేసేటప్పుడు మీ చేతికి తెలిసే సంగతి. ఇంట్లో ఎర్తింగు సరిగ్గా లేకపోతే, ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కెపాసిటర్ల వల్ల రేకు మీదికి కొద్దిగా కరెంటు వస్తుంది. టెస్టరు పెడితే వెలుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ బాగున్నంతవరకు అది జిల్లుమనడంతో సరి. కానీ లోపల ఏదైనా తీగ రేకుకు తగిలిన రోజున, ఎర్తు లేని ఇంట్లో ఆ రేకు మీద 230 వోల్టులూ ఉంటాయి. ముట్టుకునేది మీ బిడ్డ. కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్టులోకి ఇరికించి వాడకండి. జిల్లుమంటే మెకానిక్కును కాదు, ఎలక్ట్రీషియన్ను పిలిచి ముందు ఎర్తింగు చూపించండి.

విద్యార్థులకు రెండు లెక్కలు

పై తరగతుల పిల్లలు ఇవి నోటుబుక్కులో వేసి చూడండి.

ఒకటి. ఏసీ 230 వోల్టులు అన్నప్పుడు అది సగటు లెక్కలో ఒక రకం విలువ. గరిష్ఠ విలువ కావాలంటే 1.414తో, అంటే 2 వర్గమూలంతో గుణించాలి. జవాబు సుమారు 325. పైన కెపాసిటర్ల గురించి చెప్పిన అంకె ఇదే.

రెండు. ఒక ఎస్‌ఎంపీఎస్ దక్షత 80 శాతం. అది కంప్యూటరుకు 200 వాట్లు ఇవ్వాలంటే గోడ నుంచి 250 వాట్లు తీసుకోవాలి. మిగతా 50 వాట్లు వేడి. దక్షత 70 శాతమే అయితే సుమారు 286 వాట్లు తీసుకుంటుంది, వేడి 86 వాట్లు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌కు కరెంటు బిల్లూ ఎక్కువ, ఫ్యాను చప్పుడూ ఎక్కువ ఎందుకో ఇప్పుడు మీరే చెప్పండి. కొనేటప్పుడు 80 ప్లస్ అనే గుర్తు చూడమనేది ఇందుకే.

పాత ఎస్‌ఎంపీఎస్ ఏం చేయాలి?

చెత్తకుప్పలో వేయకండి, రాగి కోసం కాల్చకండి. ఆ పొగ విషం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇలాంటివి అనుమతి ఉన్న రీసైక్లింగు వాళ్లకే చేరాలి. కొత్తది కొన్న అంగట్లో తీసుకుంటారేమో ముందే అడగండి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు ఇలాంటి పనుల మీద ఆసక్తి ఉంటే "ముట్టుకోవద్దు" అని కసిరేయకండి. దుమ్ము దులపడం, శబ్దం మూలం కనిపెట్టడం, లేబులు చదవడం, లెక్క వేయడం వాళ్ల చేత చేయించండి, పక్కన మీరుండండి. డబ్బా విప్పడం ఒక్కటే వద్దు. ఎందుకు వద్దో 325 వోల్టుల లెక్కతో సహా చెబితే మన పిల్లలు వింటారు. అనుమానాలుంటే బడి పనిదినాల్లో సాయంత్రం కంప్యూటరు ల్యాబులో అడగవచ్చు. మిషను మోసుకురావక్కర్లేదు, ఫోనులో రికార్డు చేసిన చప్పుడు, వెనక వైపు ఫొటో తెస్తే చాలు.

ప్రధానోపాధ్యాయులు